లప్పం నిలవని చోటు

పాత పడవలు అమ్మిపెట్టేవాడికి ఓపిక ఉండాలంటారు. నాకది పుట్టుకతోనే లేదు. నాకున్నదల్లా జాబితా. ముప్పై ఏళ్లుగా ఈ రేవులో నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి పడవకీ ఒక జాబితా రాశాను. ఇంజను ఒకటి, లంగరు ఒకటి, తాళ్లు నాలుగు, లైఫ్ జాకెట్లు మూడు, ఇలా. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాని కింద సంతకం పెడతారు. జాబితాలో ఉన్నది పడవ, లేనిది పడవ కాదు. ఈ ఒక్క మాట పట్టుకుని ఎన్ని గొడవలు గెలిచానో నాకే గుర్తులేదు. “మేం చూసినప్పుడు స్టవ్వు ఉందండీ, దుప్పట్లు ఉన్నాయండీ” అంటూ ఎవరొచ్చినా కాగితం ముందు పడేసి, ఎక్కడుందో చూపించమనేవాణ్ణి. కిక్కురుమనకుండా వెళ్లిపోయేవాళ్లు.

అందుకే బస్సు డ్రైవరు మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

ఆయన బస్సులు నడిపి రిటైరైన మనిషి. నిరుడు నా దగ్గరే ఒక చిన్న చెక్కపడవ కొన్నాడు. చొక్కా జేబులో దువ్వెన, దాని పక్కన చిన్న నోటుబుక్కు. పడవ ఎప్పుడు కడిగాడో, ఇంజనుకి ఎప్పుడు నూనె పోశాడో అన్నీ అందులో రాసుకుంటాడు.

“వెనక పక్క రంగు ఊడిందండీ,” అన్నాడు.

“రంగన్నాక ఊడుతుంది. మీ బస్సుకి ఊడేది కాదా?”

“ఊడేది. కానీ ఒకే చోట మూడుసార్లు ఊడలేదు.”

ఆయనకి కోపం రాదు. అదే నాకు ఒళ్లు మంట. అరిచేవాడితో నేనూ అరవగలను గానీ, ఇలా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడితో ఏం చేయాలో నాకు తోచదు. ఆయన ఫోను తీసి ఫొటో చూపించాడు. పడవ వెనక, నీళ్లు తగిలే గీతకి పైన, మూరెడు మేర రంగు లేచిపోయింది. దాని కింద లప్పం కూడా రాలిపోయింది. చెక్క మీద గీతలున్నాయి. నాలుగు సన్నటివి, పక్కన ఒకటి లోతుగా. కాస్త ఎడంగా మళ్లీ నాలుగూ ఒకటీ. వాటి కింద మళ్లీ.

“ఎవరో లప్పం పెట్టి కప్పేశారు. అమ్మేటప్పుడు ఈ సంగతి నాకు చెప్పలేదు,” అన్నాడు డ్రైవరు.

“గొలుసు రాపిడి,” అన్నాను. ఫొటో సరిగ్గా చూడకుండానే అన్నాను. “మంచి లప్పం తెప్పించి నేనే పెట్టిస్తాను. ఖర్చు నాది.”

ఖర్చు నాదని నా అంతట నేను అనడం ఈ రేవులో ఎవరూ విని ఉండరు. డ్రైవరు కూడా నా మొహంలోకి అనుమానంగా చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకుని వెళ్లాడు. ఆయన వెళ్లాక నా చేతులు చూసుకున్నాను. బల్ల అంచుని ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, గోళ్లు తెల్లబడి ఉన్నాయి.

ఆ పడవ అంతకుముందు ఒక వాచీల మెకానిక్కుది. పేరు ఎవరూ పిలిచేవారు కాదు, అందరికీ అతను నిదానం. మెట్లు దిగినా, టీ తాగినా, జవాబు చెప్పినా నిదానమే. కుడిచేతి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకునేవాడు, వాచీ వెనక మూత తెరవడానికి. అంగట్లో నాలుగేళ్లు పైసా పైసా కూడబెట్టి ఆ పడవ కొన్నాడు. కొన్న నలభయ్యో రోజున, మిట్టమధ్యాహ్నం, రేవు దాటిన చోట లంగరు వేసి ఉన్న పడవ ఒక్కటే దొరికింది. లోపల మడతపెట్టిన చొక్కా, దాని మీద అతని వాచీ, కింద పక్కపక్కనే విడిచిన చెప్పులు. మనిషి మూడోరోజున తేలాడు.

ఈత వచ్చిన మనిషి. చొక్కా మడతపెట్టి మరీ దిగాడు. ఊరంతా కలిసి సాయంత్రానికల్లా తేల్చేసింది, కావాలనే పోయాడని. ఎందుకు పోయాడన్నదానికి కూడా కారణం సిద్ధంగా ఉంది. ఆ పొద్దున అతనికీ భార్యకీ మాటామాటా వచ్చింది. ఆమె టైలరు. “ఆ పడవే నీకు పెళ్లాం, అక్కడే ఉండు, ఇంటికి రాకు” అంది. పక్కగదిలో ఉన్న అత్తగారు విన్నది. ఆ రోజు నుంచి ఆరేళ్లు ఆ పెద్దావిడ కోడలితో ఒక్కమాట మాట్లాడలేదు. ఉన్నవి రెండు గదులు, ఉన్నది ఇద్దరు మనుషులు. కోడలికి చెప్పాల్సినవన్నీ కుట్టుమిషనుకి చెప్పేది. “ఎవరైనా కాసిని మంచినీళ్లిస్తే బాగుండు” అని మిషనుకేసి అనేది. మిషను లేచి నీళ్లిచ్చేది. ఈ సంగతి రేవులో చెప్పుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

టైలరమ్మ అయిదేళ్లపాటు ఆ పడవ జోలికి పోలేదు. రేవు చివర కట్టేసి ఉండేది. నిరుడు నా దగ్గరకొచ్చి, “అన్నయ్యా, దాన్ని ఎవరికైనా అమ్మిపెట్టు” అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

“నీకు పడవల సంగతి తెలుసుగా. స్నానానికి దిగేవాడు చొక్కా మడతపెట్టుకుంటాడా?”

“ఏమో అమ్మా. నాకేం తెలుసు,” అన్నాను.

అప్పటికి నాకు నిజంగానే తెలియదు. వారం తర్వాత పడవని ఒడ్డుకి లాగించి, పట్టిన పాచి గీకించినప్పుడు తెలిసింది. గీకుతున్న పెయింటరు నన్ను పిలిచి, “ఇవేంటండీ?” అన్నాడు. వంగి చూశాను. పాత రంగు మూడు పూతల మందం ఉంది, మెత్తటిది. అందులోంచి చెక్కదాకా దిగిన గీతలు. అన్నీ పైనుంచి కిందికి. ఎన్ని సార్లు పట్టుకోబోయి జారాడో లెక్కపెట్టబోయి మానేశాను. ప్రతి నాలుగు సన్నగీతల పక్కనా ఒకటి లోతుది. ఆ బొటనవేలి గోరు నాకు తెలుసు. నా వాచీ దానితోనే రెండుసార్లు తెరిచాడు.

అతను తిరిగి ఎక్కాలని చూశాడు. పడవ అంచు చేతికి జానెడు పైన ఉంది. ఎండకి ఒళ్లు చల్లబరుచుకుందామని దిగిన మనిషి, పైకి రావడానికి ఎంత సేపు గోకాడో.

ఆ క్షణాన పరుగెత్తుకెళ్లి టైలరమ్మకి చెప్పాల్సింది. “గొలుసు రాపిడి. లప్పం పెట్టెయ్” అన్నాను పెయింటరుతో. పడవ అమ్ముడుపోదని భయపడ్డానని మీరనుకోవచ్చు. అదీ కొంత ఉంది. కానీ అసలు భయం వేరు. అది చెప్పకుండా ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను.

డ్రైవరుకిచ్చిన మాట ప్రకారం, పెయింటర్ని కూడా పిలవకుండా, నేనే వెళ్లాను లప్పం పెట్టడానికి. పడవని దిమ్మల మీద ఎక్కించి ఉంచారు. పగలు పదకొండు గంటలు, చుట్టూ మనుషులు, రంపాల చప్పుడు, ఎవడో రేడియో పెట్టాడు. భయపడాల్సిందేమీ లేదు. గీతల్లోని ఉప్పు మంచినీళ్లతో కడిగాను. ఆరబెట్టాను. లప్పం కలుపుతూ తలెత్తితే, గీతలకి సరిగ్గా పైన, చెక్కబిరడాలు కొట్టి మూసిన నాలుగు బోల్టు రంధ్రాలు కనిపించాయి. ఆ బిరడాలు కొట్టించింది నేను. ఆ రంధ్రాలు నిచ్చెనవి.

నిదానం ఆ పడవ చూడటానికి వచ్చిన రోజున దాని వెనక మూడు మెట్ల ఇనప నిచ్చెన ఉంది. అతను దాన్ని కిందికి దించి, పైకి మడిచి, రెండుసార్లు చూసుకున్నాడు. జాబితాలో నేను నిచ్చెన రాయలేదు. మర్చిపోయి కాదు. మా పనిలో అందరూ చేసేదే: నాలుగు వస్తువులు జాబితాకి బయట ఉంచితే ఇంకో పడవకి పనికొస్తాయి. ఆ వారమే ఇంకొకాయన, నిచ్చెన లేనిదే పడవ తీసుకోనని భీష్మించుకున్నాడు. దీనిది ఊడదీసి దానికి బిగించాను.

నిదానం వచ్చి అడిగాడు. “చూసినప్పుడు నిచ్చెన ఉందండీ.” నేను కాగితం ముందు పడేశాను. “ఎక్కడుందో చూపించు.” అతను మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. నాకు చిరాకేసి వేళ్లతో బల్ల మీద దరువేస్తున్నాను. చివరికి, “నిజమే, లేదు. వచ్చే నెల ఒకటి కొనుక్కుంటాలెండి” అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను గెలిచిన గొడవల్లో అదొకటి. వచ్చే నెల అతనికి రాలేదు.

లప్పం నున్నగా పెట్టాను. నా చేతి పని మీద నాకు నమ్మకం ఉంది. రెండు వారాలకి వెళ్లి చూస్తే, పైన వేసిన రంగు తోలులా వేలాడుతోంది. లప్పం పొడిపొడిగా కాదు, గీతల్లో పోసి ఆరబెట్టినట్టు కడ్డీలుగా ఊడి నేల మీద పడి ఉంది. నాలుగు సన్నటివి, ఒకటి లావుది. వాటిని ఏరి జేబులో వేసుకున్నాను. ఉప్పు పట్టిన చెక్క మీద లప్పం నిలవదు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు ఇంటికెళ్లేదాకా జేబులో చెయ్యి పెట్టలేకపోయాను.

తర్వాత నాకొక జబ్బు పట్టుకుంది. ఏ పడవ చూసినా ముందు వెనక్కి వెళ్లి నిచ్చెన ఉందా అని చూసేవాణ్ణి. కుట్టుమిషను చప్పుడు వినపడే వీధి మానేసి చుట్టూ తిరిగి ఇంటికెళ్లేవాణ్ణి. గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, కట్టేసిన పడవలు జెట్టీకి రాసుకునే చప్పుడు ముప్పై ఏళ్లుగా విన్నదే, దాన్ని వినలేక కిటికీ మూసుకునేవాణ్ణి. మూస్తే ఇంకా దగ్గరగా వినిపించేది.

డ్రైవరు ఇక నాతో మాట్లాడలేదు. బ్రోకర్ల సంఘానికి అర్జీ పెట్టాడు. సంఘం నియమం ప్రకారం దెబ్బ దాచింది అమ్మినవాళ్లయితే పడవ వాళ్లు వెనక్కి తీసుకోవాలి. దాచింది బ్రోకరయితే వాడి బ్రోకరు కార్డు పోతుంది. నేను చేయాల్సిందల్లా “నాకు తెలియదు” అనడం. అప్పుడు దాచింది టైలరమ్మ అవుతుంది. మొగుణ్ణి మింగిన పడవ మళ్లీ ఆమె గుమ్మానికి వస్తుంది. ఆ మాట నాలుక చివర పెట్టుకునే నేను సంఘం ఆఫీసుకి వెళ్లాను.

ఆఫీసంటే ఒక పొడుగు బల్ల, ఆరు కుర్చీలు, గోడకి వేలాడేసిన ఆటుపోట్ల పట్టిక. అధ్యక్షుడు నాకన్నా పాత బ్రోకరు. నిచ్చెనలు ఊడదీయడం నాకు నేర్పింది ఆయనే. టైలరమ్మ బల్లకి ఆ చివర కూర్చుంది. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

“అమ్మా, మీరు దాచారని నేననడం లేదు,” అన్నాడు డ్రైవరు. “ఎవరు దాచారో తేలాలనే అంటున్నాను.” ఫొటోలు పెద్దవి చేయించి తెచ్చాడు. బల్ల మీద పరిచాడు.

“గొలుసు రాపిడిలా ఉంది,” అన్నాడు అధ్యక్షుడు, నాకు దారి ఇస్తూ.

టైలరమ్మ ఒక ఫొటో దగ్గరకి లాక్కుంది. గుడ్డ నేత చూసేవాళ్లు చూసినట్టు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలితో ఒక్కో గీతనీ కిందిదాకా దిద్దింది. నాలుగు అయ్యాక, అయిదోదాని మీద వేలు ఆగింది. ఫ్యాను గాలికి మిగతా ఫొటోలు ఎగురుతుంటే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“అన్నయ్యా,” అంది తలెత్తకుండా. “ఇది గొలుసేనా?”

అవుననడానికి ఒక్క అక్షరం కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. నాకు ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి, నలుగురి ముందు ఏడవడం ఏంటని నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే చెప్పేశాను.

“కాదు. అవి నిదానం గోళ్ల గీతలు. ఎక్కాలని చూశాడు. నేను నిరుడే చూశాను. చూసి లప్పం పెట్టించాను.”

అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. టైలరమ్మ మొహంలో ముందు వచ్చింది కోపం కాదు. ఆరేళ్ల బరువు దిగినట్టు భుజాలు వాలిపోయాయి. “ఇంటికి రావాలనుకున్నాడు,” అంది. ఎవరితోనో కాదు, తనతోనే. “నేను రావద్దన్నా రావాలనుకున్నాడు.”

అక్కడితో ఆపేయొచ్చు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. కానీ ఆమే అడిగింది. “ఈత వచ్చుగా. ఎందుకు ఎక్కలేకపోయాడు?”

నిచ్చెన సంగతి చెప్పాను. జాబితా సంగతీ, అతను రెండుసార్లు చదవడమూ, నేను బల్ల మీద దరువేయడమూ అన్నీ చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆమె నా వేళ్లకేసి చూసింది. చెప్పడం అయ్యాక లేచి నిలబడింది.

“నాతో రా. ఇదే మా అత్తగారి ముందు చెప్పు. నేను చెబితే నమ్మదు.”

డ్రైవరు అర్జీ వెనక్కి తీసుకున్నాడు. పడవ తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు, ఆ చోట ఇక రంగు వేయనన్నాడు. నా కార్డు అధ్యక్షుడు అడగకముందే బల్ల మీద పెట్టాను. ఆయన నా వైపు చూడలేదు. తర్వాత విన్నాను, ఆ వారం తన పడవలన్నిటికీ నిచ్చెనలు ఉన్నాయో లేదో లెక్క తీయించాడట.

అన్నాళ్లూ నేను తప్పించుకు తిరిగిన వీధిలోనే ఆమె వెనక నడిచాను. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ముందుగదిలో మిషను, దాని నిండా సగం కుట్టిన స్కూలు చొక్కాలు. పెద్దావిడ కిటికీ దగ్గర మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుంది.

“ఎవరో వచ్చినట్టున్నారు,” అంది మిషనుతో.

నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి చెప్పాను. పెద్దావిడ ఇటు తిరగలేదు. గీతలు అన్నప్పుడు ఆమె వీపు కదిలింది. నిచ్చెన అన్నప్పుడు నెమ్మదిగా లేచి కూర్చుంది. కొడుకు నిదానం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ లేవడంలో తెలిసింది.

“నిచ్చెన ఉంటే ఎక్కేవాడా?” అంది.

“ఎక్కేవాడమ్మా.”

“ఎక్కి ఇంటికొచ్చేవాడా?”

“వచ్చేవాడు.”

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్లకి నా దగ్గర జవాబులుంటాయి. ఆమె నా తల మీదుగా గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలి వంక చూసింది.

“అమ్మాయ్,” అంది. “ఈయనకి కుర్చీ వెయ్యి.”

టైలరమ్మ కదల్లేదు. విన్నది నిజమో కాదో తెలియని దానిలా నోటికి కొలతల టేపు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో మాట మనిషికి చేరింది. చాలాసేపటికి లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చింది. తెచ్చి నా వెనక వేసింది. కుర్చీ కాళ్లు నేల మీద గీరుకున్న చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను.

“మళ్లీ మొదట్నుంచి చెప్పు,” అంది పెద్దావిడ.

అది జరిగి ఎనిమిది నెలలు. ఇప్పుడు నేను పడవలు అమ్మను. ఇతరుల పడవలకి పాచి గీకుతాను, రోజుకూలికి. ప్రతి ఆదివారం ఆ ఇంటికి వెళ్తాను. పెద్దావిడ రమ్మంటోంది కాబట్టి వెళ్తున్నానని రేవులో చెబుతాను. వెళ్లకపోతే ఆ వారమంతా నాకు గోకుడు వినిపిస్తుందని మాత్రం చెప్పను. అత్తాకోడళ్లు ఇప్పుడు గలగలా మాట్లాడుకుంటారు, ఉప్పు ఎక్కువైందనీ, గుండీలు తక్కువొచ్చాయనీ. నేను వెళ్లేసరికి మాటలు ఆగుతాయి. పెద్దావిడ కళ్లు మూసుకుని వింటుంది. అతను ఈదుకుంటూ పడవ దగ్గరికి వచ్చే చోట ఆమె పెదవులు కదులుతాయి. టైలరమ్మ నావైపు వీపు పెట్టి మిషను తొక్కుతూ ఉంటుంది. సంఘం ఆఫీసు నుంచి తీసుకొచ్చిన రోజు తర్వాత ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నయ్యా అని పిలవలేదు.

మొన్న ఆదివారం నాకు ఒంట్లో బాగాలేదు. దగ్గు. చెప్పి చెప్పి నాకు నోటికి వచ్చేసింది కూడా. చొక్కా మడతపెట్టాడు, దిగాడు, ఈదాడు, తిరిగొచ్చి పడవని పట్టుకున్నాడు, ఇంటికి రావాలని ఆఖరిదాకా చూశాడు. అక్కడ ఆపాను. పెద్దావిడ తృప్తిగా నిట్టూర్చింది, నిద్ర పట్టినట్టుంది. నేను కుర్చీలోంచి లేచాను.

మిషను ఆగింది.

“నిచ్చెన చెప్పలేదు,” అంది టైలరమ్మ, వెనక్కి తిరగకుండా.

నేను మళ్లీ కూర్చున్నాను.